అంతిమ వినియోగదారు

గోగులపేట మునిసిపాలిటీకి ఒక నీళ్ల ట్యాంకు ఉంది, అందులో నీళ్లు నిలవవు. ఒక చెత్త బండి ఉంది, అది కదలదు. ఒక పార్కు ఉంది, దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి పాత కమిషనరు గారి పంచెలోనో ప్యాంటులోనో ఉండిపోయి ఆయనతోపాటే బదిలీ అయిపోయింది. అటువంటి మునిసిపాలిటీకి పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. మీ ఊళ్లో ఉన్నదేదో అమ్ముకుని మీ కాళ్లమీద మీరు నిలబడండి అని. ఉన్నదేమిటో వెతకడానికి కమిటీ కూర్చుంది. టీలు తాగింది, జీడిపప్పు తిన్నది, చివరికి ఊళ్లో ఇంకేమీ లేకపోయినా పేర్లు ఉన్నాయని కనిపెట్టింది.

ఆ ముక్క చెప్పింది కమిటీలో ఉన్న మునిసిపాలిటీ అధికారి ఉపేంద్రనాథ్ గారు. ఆయన అంతకుముందే విశాఖపట్నం వెళ్లి, సముద్రం కనపడే చల్లటి హాలులో మిగతా ఊళ్ల అధికారులతోపాటు కూర్చుని ఒక విద్య నేర్చుకొచ్చారు. ఇంటర్నెట్టులో ప్రతి వ్యాపారానికీ ఒక పేరు ఉంటుందట, దాన్ని డొమైన్ పేరు అంటారట. ముందు ఎవడు కొంటే అది వాడిది. చవకగా ఉన్నప్పుడే కొని దాచి, ఆ పేరు లేకపోతే గడవనివాడు ఎవడో వాడికి అమ్మాలి. అలా ఆఖరుకి కొనేవాణ్ని ఎండ్ యూజర్ అంటారట. ఉపేంద్రనాథ్ గారు భాషాభిమాని. అందుచేత దాన్ని అంతిమ వినియోగదారు అని తెనిగించారు. నామ సంపద విభాగం అని గదికి బోర్డు కట్టించి, తాను ప్రత్యేక నామాధికారి అయి, ఊళ్లో ఉన్న కొట్ల పేర్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో మునిసిపాలిటీ తరఫున కొనిపారేశారు.

కొట్లవాళ్లకి ఆ సంగతి తెలియదు. పల్లాలమ్మకి అసలే తెలియదు.

పల్లాలమ్మది కూరగాయల బజారు వెనక రేకుల హోటలు. పొద్దున్నే పెసరట్లు, ఇడ్లీ. పెసరట్టు పెద్దది వేస్తుంది, పచ్చడి మాత్రం పిసరంత వేస్తుంది. రెండోసారి అడిగినవాడికి చూపు వేస్తుంది. గుమ్మం మీద పాత బోర్డు, దానిమీద ఎర్ర రంగుతో 'గవర్రాజు హోటలు' అని ఉంటుంది. గవర్రాజు ఆమె మొగుడు. అతను పోయి కొన్నేళ్లయింది. హోటలు పోలేదు, పేరూ పోలేదు.

ఆ పేరు పల్లాలమ్మ నోట ఎవరూ వినలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పింది. మొగుడి ఆయుష్షు తీరిపోయాక కూడా, అలవాటు మాత్రం తీరలేదు. పెళ్లినాడు అత్తారింటి గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగాని లోపలికి రానివ్వం అన్నారు. అందరు పెళ్లికూతుళ్లూ సిగ్గుపడుతూనే చెప్పేస్తారు. పల్లాలమ్మ చెప్పలేదు. ఎండెక్కింది, పెద్దవాళ్లకి ఆకలేసింది, ఆడపడుచులకి కాళ్లు పీకాయి. ఆఖరికి పెళ్లికొడుకే విసిగిపోయి, "గవర్రాజు పెళ్లాం వచ్చింది, దారి ఇవ్వండహో" అని అరిచాడు. ఆ అరుపుకి కప్పు మీద కోళ్లు ఎగిరిపోయాయి. పల్లాలమ్మ తలొంచుకుని లోపలికి నడిచింది.

తాను పలకదు గాని, వినడం ఆమెకు ఇష్టం. తెల్లారగట్ల మార్కెట్టు కూలీలు మూటలు దించి, "పదండ్రా గవర్రాజు హోటలుకి" అని కేకేసుకుంటారు. లారీ డ్రైవర్లు ఫోనులో "గవర్రాజు హోటలు కాడున్నాను" అంటారు. పొయ్యి వెనక కూర్చుని పల్లాలమ్మ వింటుంది. ఆ మాట చెవిన పడితేగాని ఆమెకి పొద్దు పొడిచినట్టు ఉండదు.

ఒకరోజు బజారువాళ్లందర్నీ మునిసిపాలిటీ మెట్ల దగ్గరికి పిలిచారు. ఉపేంద్రనాథ్ గారు మైకు పట్టుకున్నారు.

"మీ పేర్లన్నీ మా వద్ద సురక్షితంగా ఉన్నాయని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను" అన్నారు.

సైకిళ్లు బాగుచేసే ఆదియ్య చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు. "మా కాణ్ణుంచి ఎప్పుడు పోయినియ్యండి?"

"పోలేదు. మేము స్వాధీనపరచుకున్నాము. ఇప్పుడు మీకు న్యాయమైన వెలకు బదలాయిస్తాము."

"నా కొట్టు పేరు నాకే అమ్ముతారా?"

"మరి ఇంకెవరికి అమ్మమంటారు? బాగా ఆలోచించండి. మీ పేరు పక్క ఊరివాడికి అమ్మితే వాడేం చేసుకుంటాడు? దాని అవసరం ఈ ప్రపంచంలో మీ ఒక్కరికే ఉంది. అందుచేతనే మీరు అంతిమ వినియోగదారులు అయ్యారు."

పల్లాలమ్మ వెనకనుంచి అంది. "బాబుగారూ, అంతిమం దాకా ఎందుకండి. మేవింకా బతికే ఉన్నాం."

జనం నవ్వారు. ఉపేంద్రనాథ్ గారు నవ్వలేదు.

"ఇంకో ముక్కండి" అన్నాడు ఆదియ్య. "మా కొట్టుకి గాలి పోయినోడు సైకిలు నడిపించుకుంటా వత్తాడు. ఇంటర్నెట్టులోంచి ఎవడూ రాడండి."

"అదే మీ వెనకబాటుతనం" అన్నారు ఉపేంద్రనాథ్ గారు. మైకు కట్టేశారు.

ఒక్కరూ కొనలేదు. నామ సంపదకు గిరాకీ లేదని ఆయన పైకి రాశారు. గిరాకీ లేనిచో సృష్టించుము అని పైనుంచి జవాబు వచ్చింది.

మర్నాడే సృష్టి మొదలైంది. కొనని పేర్లు మునిసిపాలిటీవి కాబట్టి, వాటిని బోర్డుల మీద వాడుకోవడం ఆక్రమణ కిందికి వస్తుందన్నారు. బోర్డుల మీద గోనె సంచులు కప్పి మేకులు కొట్టారు. బజారంతా ఉల్లిపాయల గోదాములాగా తయారైంది. అయినా ఎవరూ కొనలేదు. బోర్డు చదువుకుని పెసరట్టు తినేవాడు గోగులపేటలో ఎవడు? అందరికీ పేరు నోట్లోనే ఉంది.

ఆ సంగతి ఉపేంద్రనాథ్ గారు కూడా గ్రహించారు. పేరు బోర్డు మీద లేకపోయినా నోట్లో ఉన్నదంటే, ప్రభుత్వ ఆస్తి నోటిద్వారా వాడకం అవుతున్నదన్నమాటే. దీనికి మౌఖిక వినియోగం అని పేరు పెట్టి జరిమానా వేశారు. ఎవరు పలికారో వినడానికి శ్రవణ సహాయకులను నియమించారు. పల్లాలమ్మ హోటలు ముందర లోవరాజును కూర్చోబెట్టారు. లోవరాజు అంతకుముందు మునిసిపాలిటీ సైరను మోగించేవాడు. ఆ సైరను పక్కన నిలబడీ నిలబడీ అతనికి ఎడమ చెవి మొద్దుబారింది. ఆఫీసులో ఖాళీగా ఉన్నవాడు మాత్రం అతనొక్కడే.

మొదటిరోజే ఒక కూలీ మూట దించి, "ఒరే, గవర్రాజు హోట..." అన్నాడు.

"ఏటన్నావు?" అని లోవరాజు కుడి చెవి తిప్పాడు.

"ఏటీ అన్లేదండి."

"అన్నావు. సగం అన్నావు. సగం జరిమానా కట్టు."

అంతే. బజారు నోరు మూతపడింది. కూలీలు వచ్చి కూర్చుని, తిని, తలలూపి వెళ్లిపోతున్నారు. లారీ డ్రైవర్లు ఫోనులో "అక్కడే ఉన్నాను, అక్కడే" అంటున్నారు. పల్లాలమ్మ పొయ్యి వెనక చెవులు నిక్కబొడుచుకుని కూర్చునేది. పెనం చుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. మొగుడు పోయిన నాడు ఊరంతా వచ్చి అతని పేరు పెట్టి ఏడ్చింది. ఇప్పుడు ఆ పేరు కూడా లేదు. గవర్రాజు రెండోసారి పోయినట్టయింది.

ఎంతైతే అంత, కొనేస్తానని ఆమె చీర మార్చుకుని నామ సంపద విభాగానికి వెళ్లింది.

ఉపేంద్రనాథ్ గారు ఆమెను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి అంతిమ వినియోగదారు వచ్చిందని ఫ్యాను కూడా వేయించారు. బల్ల మీద ఒక యంత్రం ఉంది, పెద్ద టిఫిను క్యారేజీ అంత. దాని పేరు నామగ్రాహి. కొనేవారు తమ నోటితో మూడుసార్లు పేరు స్పష్టంగా చెప్పాలి. చెప్పినప్పుడల్లా గంట కొడుతుంది. మూడో గంటకి ఆ పేరు ఆ గొంతుకి రాసిచ్చేసి చీటీ కక్కుతుంది. ఒకసారి కక్కిందంటే మంత్రిగారు వచ్చినా వెనక్కి మింగదు.

"ఇంకొక నిబంధన" అన్నారు ఆయన. "కొన్న పేరును వృథాగా ఉంచరాదు. వ్యాపార వేళల్లో, వ్యాపార స్థలంలో, నలుగురికీ వినపడేటట్లు ప్రతిదినమూ ఉపయోగించాలి. దీన్ని వినియోగ నిరూపణ అంటాం. ఈ నిబంధన నేనే స్వయంగా రూపొందించాను. ఇక చెప్పండి."

"ఏటి సెప్పమంటారు?"

"మీ హోటలు పేరు."

"మీకు తెల్సుగా."

"నాకు తెలిస్తే చాలదమ్మా. యంత్రానికి తెలియాలి."

"అయితే దానికి మీరే సెప్పండి."

ఉపేంద్రనాథ్ గారు కుర్చీని వెనక్కి జరుపుకున్నారు. "నేను అనకూడదు. పరీక్ష కోసం ఇందులో ముందుగా నమోదు చేసింది నా గొంతే. నేనంటే నాకు పడిపోతుంది."

"నేనూ అనకూడదండి."

"మీకేం అడ్డు?"

"ఆరి పేరండి మరి."

"ఎవరి పేరు?"

"ఆరిదేనండి. మావారిది."

ఉపేంద్రనాథ్ గారు యంత్రాన్ని ఆమె వైపు జరిపారు. "పోనీ ఇంకో విధంగా తెలియజేయండి."

పల్లాలమ్మ ఆలోచించింది. "పార్వతమ్మోరి పేరు ముందెట్టండి. సింహాసనమ్మీద కూకునేవోణ్ని ఎనకాలెట్టండి."

"పొడుపుకథలు యంత్రం స్వీకరించదు."

గుమ్మంలో ఉన్న లోవరాజు తల లోపలికి పెట్టాడు. "అయ్యా, ఆవిడ బదులు నే సెప్పేదా?"

"ప్రతినిధి ద్వారా నామోచ్చారణ చెల్లదు."

"మావారి హోటలు అని రాసేసుకోండి" అంది పల్లాలమ్మ. "ఊరందరికీ తెలుత్తాది."

ఆయన కంప్యూటరులో వెతికి చూశారు. "ఆ పేరు ఖాళీగానే ఉంది. కాని మీకిస్తే ఊళ్లో పెళ్లయిన స్త్రీలందరూ అభ్యంతరం దాఖలు చేసే ప్రమాదం ఉంది."

"అయితే ఏటి సెయ్యమంటారు?"

"చెప్పమంటాను. మూడంటే మూడుసార్లు. ఎవరు వింటారమ్మా ఇక్కడ?"

"పెళ్లినాడు గుమ్మంలో ఆడపడుసులు అడ్డం నిలబడితేనే సెప్పలేదండి నేను" అని పల్లాలమ్మ లేచి నిలబడింది. "ఆళ్ల కన్నా గట్టోళ్లా మీరు?"

తిరిగి వచ్చేసరికి హోటలు ముందు కూలీలు తలలు వేలాడేసుకుని ఉన్నారు. పనిలోకి వచ్చిన కొత్తవాడికి టిఫిను ఎక్కడ దొరుకుతుందో చెప్పలేక, చేతులతో చూపిస్తే వాడు దర్జీ కొట్టుకి వెళ్లిపోయాడట.

పల్లాలమ్మకి ఒళ్లు మండింది. "పేరు లేపోతే మాటాడలేరేట్రా మీ మగోళ్లు? ఆరితో నేను అన్నేళ్లు కాపరం సేసాను. ఒక్కపాలి పేరెత్తలేదు. ఏ పనాగింది? పిలిత్తే పలికేవోరు. తిట్టినా తనకే తగిలిందని తెలిసేది. ఇంటికెళ్లి మీ ఆడోళ్లని అడగండి, ఎలా మాటాడాలో."

మగవాళ్లు ఇళ్లకు వెళ్లి అడిగారు. ఆడవాళ్లు ముందు నవ్వి, తరవాత నేర్పారు. వారం తిరక్కుండా గోగులపేట అంతా అదే భాష. సైకిలు షాపు పోయి 'చెయ్యి నల్లగా ఉంటాదే, ఆరు' వచ్చింది. మందుల కొట్టు 'అడక్కపోయినా మాత్రలిత్తారు, ఆరు' అయింది. బ్యాంకు 'రేపు రమ్మంటారే, ఆళ్లు'. మునిసిపాలిటీ ఆఫీసు పేరు కూడా మునిసిపాలిటీ ఆస్తే కాబట్టి, దాన్ని 'మద్దేనం కునుకేత్తారే, ఆళ్లు' అనసాగారు. మీసాలున్న ఆటో డ్రైవర్లు తువ్వాలు కొస నోటికడ్డం పెట్టుకుని, ఓరగా నవ్వుతూ అడ్రసులు చెప్పుకునేవారు.

"ఎక్కడికండి?"

"ఆరి దగ్గరికి."

"ఏ ఆరు?"

"పొద్దున్నే పొగొత్తాదే, ఆరు."

"ఆరా. అలా సెప్పండి మరి. ఎక్కండి."

లోవరాజు కుడి చెవి రోజంతా తెరిచి పెట్టుకున్నా అందులో ఒక్క పేరు పడలేదు. వెళ్లి విన్నవించుకున్నాడు. "అయ్యా, ఊరంతా కాపరాలు సేత్తన్నారండి. పేర్లెత్తడం లేదు."

ఊరు గెలిచింది. పల్లాలమ్మకి గిరాకీ తగ్గలేదు, ఇంకా పెరిగింది కూడా. అయినా ఆమె పొయ్యి వెనక కూర్చుని పిండి కలుపుతూ అప్పుడప్పుడు చెయ్యి ఆపేది. 'ఆరు' అంటే ఎవరైనా ఆరే. సైకిలు ఆరు, మాత్రల ఆరు, తన ఆరు. ఉపాయం చెప్పింది తానే. ఆ ఉపాయంతో అతని పేరు మీద ఇంకో గోనె సంచి కప్పిందీ తానే.

ఇంతలో నామ సంపద ఎంత పండిందో చూడడానికి రాజధానినుంచి సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు వచ్చారు. చెప్పకుండా వచ్చారు. మునిసిపాలిటీ ఎక్కడ అని బస్టాండులో అడిగితే జనం నోళ్లకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని, "కునుకేత్తారే, ఆళ్లండి" అన్నారు. ఆయనకి బోధపడలేదు. ఎక్కడ చూసినా గోనె సంచులే. కారు ఊరంతా తిరిగింది. పొద్దుట ఏమీ తినలేదేమో, కూరగాయల బజారు దగ్గర అల్లం, జీలకర్ర కాలుతున్న వాసన వచ్చేసరికి ఆయన కారు ఆపించారు.

రెండో పెసరట్టులో ఉండగా ఉపేంద్రనాథ్ గారు కబురందుకుని పరుగెత్తుకుంటూ వచ్చారు. వెనక లోవరాజు, అతని నెత్తి మీద నామగ్రాహి.

"ఎన్ని పేర్లు బదలాయించారు?" అన్నారు పరాంకుశం గారు, నములుతూ.

"ప్రక్రియ తుది దశలో ఉంది సార్."

"ఒకటైనా?"

"ఒకటి... ఇప్పుడే, తమ సమక్షంలోనే."

యంత్రాన్ని పచ్చడి గిన్నె పక్కన పెట్టి మీట నొక్కారు. ఉపేంద్రనాథ్ గారు పొయ్యి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అన్నారు. "అమ్మా, వెల కూడా వద్దు. మొట్టమొదటి అంతిమ వినియోగదారుగా మీకు ఉచితం. చెప్పండి చాలు."

"ఏటి సెప్పమంటారు?" పల్లాలమ్మ అట్టు తిరగేసింది.

"ఆ గోనె కింద ఉన్నది."

"గోనె కింద గోడుందండి."

పరాంకుశం గారు చెయ్యి కడుక్కోకుండా ఇటు తిరిగారు. "ఆలస్యమేమిటి? తన వ్యాపార నామం తనకే తెలియనివారిని అంతిమ వినియోగదారుగా ఎలా ఎంపిక చేశారు?"

ఉపేంద్రనాథ్ గారికి నుదుటి మీద చెమట పట్టింది. పొయ్యి సెగో, పై అధికారి సెగో. "అమ్మా, ఏం లేదు, నాతోపాటు అనండి. గవర్రాజు హోటలు."

టింగుమంది.

పల్లాలమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఎన్నాళ్లయిందో ఆ మాట విని. పెనం మీద అట్టు అంచులు ఎర్రబడ్డాయి, ఆమె చూసుకోలేదు. యంత్రం సంగతి ఆమె మరిచిపోయింది. ఇంకోసారి వినాలనిపించింది, అంతే.

"ఏటండీ?" అంది మెల్లగా. "నూని సప్పుడికి ఇనపళ్లేదు."

"గవర్రాజు హోటలు."

టింగుమంది.

"ఏ రాజండీ?"

"గవర్రాజమ్మా, గవర్రాజు. గవర్రాజు హోటలు" అని ఉపేంద్రనాథ్ గారు బజారంతా దద్దరిల్లేలా అరిచారు.

మూడో గంట కొట్టింది. నామగ్రాహి బారెడు నాలుక చాపినట్టు చీటీ చాపింది. లోవరాజు దాన్ని చింపి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయిపోయిందండి" అన్నాడు.

"ఏమైపోయింది?"

"అమ్మకవండి."

పరాంకుశం గారు చీటీ అందుకుని పైకి చదివారు. "అంతిమ వినియోగదారు: ఉపేంద్రనాథ్, ప్రత్యేక నామాధికారి." ఆయన మొహం వికసించింది. "భేష్. రాష్ట్రంలో ఎవరూ ఒక్క పేరు బదలాయించలేక చస్తున్నారు. మీరు స్వయంగా స్వీకరించి మార్గదర్శకులయ్యారు."

"అయ్యా, పొరపాటు... నాకు హోటలు లేదు."

"హోటలు ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. పేరు ఉంటే చాలును. అయితే వినియోగ నిరూపణ మాత్రం జరగాలి. వ్యాపార వేళల్లో, వ్యాపార స్థలంలో, నలుగురికీ వినపడేటట్లు. ఈ నిబంధన ఎవరు రాశారు?"

ఉపేంద్రనాథ్ గారు నేల చూశారు. "నేనే సార్."

"చక్కగా రాశారు" అని పరాంకుశం గారు మూడో పెసరట్టు చెప్పారు.

అక్కడే ఆదేశం అయిపోయింది. పేరు అమ్ముడైంది కాబట్టి ఆ బోర్డు మీద గోనె సంచి తీసేశారు. అమ్ముడు కాని తక్కిన పేర్లను కూడా ఈ పద్ధతిలోనే, ఎక్కడి నామాధికారులు అక్కడే స్వీకరించవలసిందని మిగతా ఊళ్లన్నిటికీ ఉత్తరువు వెళ్లింది. ఒక ఊళ్లో నామాధికారి మంగలి షాపు ముందూ, ఇంకో ఊళ్లో పశువుల దాణా కొట్టు ముందూ నిలబడి ప్రభుత్వ సేవ చేస్తున్నారని చెప్పుకున్నారు.

గోగులపేటలో ఉపేంద్రనాథ్ గారు తెల్లారగట్లే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి రేకుల హోటలు ముందు నిలబడతారు. పొయ్యి వెలిగినప్పటినుంచి పిండి అయిపోయేదాకా "గవర్రాజు హోటలు, గవర్రాజు హోటలు" అని అరుస్తారు. వినపడిందని నిర్ధారించడానికి లోవరాజు కుడి చెవి అటు పెట్టి కూర్చుంటాడు. కూలీలు ఆయన్ని చూడడానికే ఒక ఇడ్లీ ఎక్కువ తింటున్నారు.

మధ్యలో గొంతు పట్టేస్తే పల్లాలమ్మ ఆయనకి వేడి పెసరట్టు వేసి, దానిమీద గరిటెడు అల్లం పచ్చడి వేస్తుంది. ఆ ఊళ్లో అడక్కుండా గరిటెడు పచ్చడి తిన్నవాడు ఇంతవరకూ ఆయనొక్కడే.

ఒకరోజు ఆయన తింటూ బతిమాలుకున్నారు. "అమ్మా, నాకు గొంతు పోతోంది. ఈ పేరు మీ పేరున మార్పించే దారి ఏదైనా వెతుకుతాను. మీరు ఒక్కసారి మీ నోటితో అంటే..."

"నాకెందుకండి బాబూ" అంది పల్లాలమ్మ. "మీ నోట బాగుంది."

ఆయన లేచారు. చెయ్యి కడుక్కుని, జేబురుమాలుతో మూతి తుడుచుకుని, మళ్లీ గుమ్మం ముందుకి వెళ్లి నిలబడి అరిచారు.

పల్లాలమ్మ పెనం మీద నీళ్లు చిలకరించి, చెవి ఒగ్గి వింది. వెలితిగా ఉన్నట్టుంది, లోపల్నుంచి చెప్పింది.

"ఇంకాత్త పైకి అనండి. కప్పు మీద కోళ్లు ఎగరాల."